ముఖమున నంబరు: ఓడ మొదలు కారు వరకు

ఇటీవల బందరు, గుడివాడ వీథులలో నేలబారుగా సాగిపోవు కార్లు అక్కడక్కడ కనబడుచున్నవి. వీని ముందరి భాగము క్రిందికి వంగి, నేలకు జానెడులో సగము ఎత్తున మాత్రమే ఉండును. చూచుటకు సొగసైనవే. కాని దివిసీమ దారిలో నాలుగు గతుకులు, రెండు స్పీడు బ్రేకర్లు దాటుసరికి ఆ సొగసులో మొదట దెబ్బతినునది నంబరు ప్లేటు. అది బంపరు క్రింద వ్రేలాడుచుండును గనుక గతుకు గతుకునకు రాచుకొని, వంగి, ఒకనాడు ఊడి కాలువగట్టున పడిపోవును. అంతట యజమాని మెకానిక్కు వద్దకు పోయి, ముడుచుకొను బ్రాకెట్టు ఏదైన దొరకునా యని అడుగును.

అట్టివి రెండు విధములుగా దొరకును. ఒకదానిలో ప్లేటు వెనుక స్ప్రింగుతో కూడిన మడతబందు ఉండును. దెబ్బ తగిలినప్పుడు ప్లేటు వెనుకకు వంగి, అడ్డు తొలగిన వెంటనే తన చోటికి తాను వచ్చును. రెండవదానిలో చిన్న మోటారు ఉండును. కారు లోపల మీట నొక్కినచో ప్లేటు బంపరు లోనికి జరిగిపోయి, మరల నొక్కువరకు కనబడదు. రెండింటిని ఒకే పేరుతో పిలుచుచున్నారు గాని, వాని నడుమ గొప్ప భేదము కలదు. మొదటిది ప్లేటును దెబ్బనుండి కాపాడును. రెండవది ప్లేటును చూపరుల కంటినుండి దాచును. ఈ భేదము నేడు పుట్టినది కాదు. వాహనము తన ముఖమున గుర్తు ధరించుట, ఆ గుర్తును దాచవలెనని యజమానికి తోచుట, దాచరాదని ప్రభుత్వము శాసించుట, ఈ మూడును మోటారుకారుకంటె ఎంతో ప్రాచీనములు. అందుకు సాక్ష్యము వెదకుటకు మనము దూరము పోనక్కరలేదు. బందరు రేవే చాలును.

పదునేడవ శతాబ్దమున మచిలీపట్టణము గోలకొండ సుల్తానుల రాజ్యమునకు ప్రధానమైన రేవు. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లో 'గ్లోబ్' అను ఓడమీదను ఇచ్చటికి వచ్చి వర్తకము ప్రారంభించిరి. ఇచ్చటినుండి ఓడలు పెగూ, అచే, పారసీకదేశములకును, మక్కా యాత్రికులతో ఎర్రసముద్రమునకును పోవుచుండెను. కాని అంతకు పూర్వమే పోర్చుగీసువారు సముద్రముపై ఒక కట్టడి చేసియుండిరి. తమ అనుమతి పత్రము లేని ఓడ కంటబడినచో దానిని పట్టుకొనుచుండిరి. ఆ పత్రమునకు 'కర్తాజు' అని పేరు. అందు ఓడ పేరు, నాయకుని పేరు, ఓడ మోయు బరువు, దానిపై గల ఆయుధములు, అది పోవుచోటు వ్రాయబడియుండును. తరువాత డచ్చివారును ఇట్టి పత్రములనే ఇచ్చిరి. ఎవరిదియు కాని సముద్రముపై ఒకరు కావలి కూర్చుండి పత్రము చూపుమనుట న్యాయమా యను ప్రశ్న వేరు. న్యాయము కాదనియే నా అభిప్రాయము. మనకిక్కడ కావలసిన అంశము ఒక్కటే. ఆ పత్రములోని వివరములను, నేడు కారునకు ఇచ్చు రిజిస్ట్రేషను పత్రములోని వివరములను ప్రక్క ప్రక్కన పెట్టి చూడుడు. బాధ్యుడెవరు, బండి ఎట్టిది, ఎంత బరువు మోయును? ప్రశ్నలు చాలవరకు అవియే.

అయితే పత్రము ఓడ లోపల పెట్టెలో ఉండును. దూరమునుండి కనబడునది జెండా మాత్రమే. జెండాను దించుట, మరియొకదానిని ఎత్తుట క్షణములో జరుగు పని. దరిజేరువరకు పరుల జెండా ఎగురవేసి మోసపుచ్చుట ఆ కాలపు నావికులు బాగుగ ఎరిగిన యుక్తి. మీట నొక్కగానే మాయమగు నంబరు ప్లేటునకు ఇదియే పూర్వజన్మమని చెప్పవచ్చును.

బందరు తీరమున నీటి లోతు తక్కువ. పెద్ద ఓడలు గట్టునకు రాలేక దూరమున లంగరు వేయుచుండెను. సరకులు చిన్న పడవలపై ఒడ్డు చేరుచుండెను. ఇట్టి రేవులో గట్టున నిలిచినవానికి వచ్చినది ఏ ఓడయో తెలియవలెనన్నచో ఓడ ఒంటిమీదనే గుర్తు ఉండవలెను, అదియు చెరగని గుర్తు కావలెను. హిందూదేశపు ఓడల నమోదునకు 1841లో చట్టము వచ్చెను. 1894 నాటి బ్రిటిషు వర్తకనౌకల చట్టము ఈ సంగతిని మిక్కిలి వివరముగ చెప్పెను. ఓడ ముక్కునకు ఇరువైపుల పేరుండవలెను. వెనుకభాగమున పేరుతోబాటు నమోదైన రేవు పేరుకూడ ఉండవలెను. ముదురు రంగు నేలపై తెల్లని లేక పసుపుపచ్చని అక్షరములుగాని, లేత రంగు నేలపై నల్లని అక్షరములుగాని వ్రాయవలెను. అక్షరము నాలుగు అంగుళములకు తగ్గరాదు. ఆ గుర్తును దాచినను, చెరిపినను, మార్చినను నూరు పౌనుల వరకు జరిమానా. ఒక్క మినహాయింపు మాత్రము కలదు: శత్రువు చేత చిక్కకుండ తప్పించుకొనుటకైనచో దాచవచ్చును. గుడివాడ దారిలో కారు నడుపువానికి అట్టి శత్రువెవడును లేడని వేరుగ చెప్పనక్కరలేదు.

సముద్రమునుండి భూమిమీదికి వత్తము. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైన పిదప ఈ డెల్టాలో కాలువలే రాజమార్గములైనవి. ధాన్యము పడవపైననే, పెండ్లివారును పడవపైననే. 1890లో మద్రాసు ప్రభుత్వము కాలువలకును, నదులు దాటించు రేవులకును సంబంధించిన చట్టము చేసి, పడవలను లైసెన్సు క్రిందికి తెచ్చెను. పట్టణములలో పురపాలక సంఘములు ఏర్పడినవి. బందరునకు 1866లో, గుడివాడకు 1937లో. అవి బండ్లమీద, వాహనములమీద పన్ను వేసినవి. సైకిలు పన్ను చెల్లించినవారికి చిన్న రేకుబిళ్ళ ఇచ్చు ఆచారము మన పట్టణములలో చాలకాలము సాగెను. పెద్దలలో పలువురకు ఆ బిళ్ళ జ్ఞాపకముండును. బిళ్ళ లేని సైకిలును ఆపు బంట్రోతును తప్పించుకొని సందులలో దూరిపోయిన సంగతియు కొందరకు జ్ఞాపకముండవచ్చును. కాని ఆ బిళ్ళ పన్ను చెల్లించితినని చెప్పు గుర్తు. దూరముననున్న అపరిచితునకు యజమానిని పట్టియిచ్చు గుర్తు అది కాదు. మోటారు నంబరు ఈ రెండవ పనికై పుట్టినది.

మోటారు బండ్లకు గుర్తు పెట్టుకొనుడని తొలుత ఆజ్ఞాపించినది ప్యారిసు నగరపు పోలీసు శాఖ. అది 1893వ సంవత్సరము ఆగస్టు 14వ తేదీ. ప్రతి మోటారు బండికి లోహపు పలక ఉండవలెను. దానిపై యజమాని పేరు, నివాసము, అనుమతి సంఖ్య స్పష్టముగ చదువ వీలగునట్లు ఉండవలెను. దానిని బండికి ఎడమ ప్రక్కన బిగింపవలెను. ఎన్నడును దానిని మరుగుపరుపరాదు. శ్రోతలు ఈ కడపటి వాక్యమును గమనింతురుగాక. పలక పుట్టిననాడే దానిని దాచరాదను నిబంధనయు దానితోబాటు పుట్టెను. ఆజ్ఞ వ్రాసిన అధికారికి మనుష్యస్వభావము బాగుగ తెలియునని తోచుచున్నది.

అమెరికాలో న్యూయార్కు రాష్ట్రము 1901లో యజమానుల పేర్లలోని మొదటి అక్షరములను బండిపై ఉంచవలెనని శాసించెను. ఆ పలకలను ఎవరికి వారే చేయించుకొనిరి. ప్రభుత్వమే పలకలను తయారుచేయించి ఇచ్చుట మసాచుసెట్స్ రాష్ట్రమున 1903లో ఆరంభమైనది. అవి ఇనుపరేకుపై పింగాణి పూసినవి. బ్రిటను 1903లో మోటారుకార్ల చట్టము చేసి, 1904 జనవరి 1వ తేదీనుండి నంబరులను అమలుపరచెను. ముందును వెనుకను రెండు చోట్లను గుర్తుండవలెననియు, అది మరుగుపడినచో నేరమనియు అందు విధించెను. లండనులో 'ఏ 1' అను గుర్తును రస్సెల్ ప్రభువు సంపాదించెను. నాడు మొదలైన ఆ మోజు నేటికిని చల్లారలేదు. మన రవాణాశాఖవారు 9999 వంటి అంకెలను వేలము వేయగా, లక్షలు పోసి కొనువారున్నారు. అంత ధర పెట్టి కొన్న అంకెను మీట నొక్కి దాచుకొనువాని మనస్సు నాకు బోధపడదు.

మన ప్రాంతము ఆనాడు మద్రాసు రాజధానిలోనిది. మద్రాసులో నమోదైన మొదటి కారు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగుగారిదనియు, దాని గుర్తు 'ఎం.సి. 1' అనియు ప్రసిద్ధి. అచ్చట కారు కొన్న భారతీయులలో ప్రథముడుగ చెప్పబడు తాటికొండ నంబెరుమాళ్ళు శెట్టిగారి కారునకు 'ఎం.సి. 3' అను గుర్తు లభించెనందురు. ఇంటి పేరే తెలుపుచున్నట్లు ఆయన మనవారు. మద్రాసు హైకోర్టు భవనమును కట్టిన కంట్రాక్టరు ఆయనయే. ఇచ్చట ఒక చిత్రమైన సంగతి జ్ఞాపకము వచ్చుచున్నది. అంకెల మాంత్రికుడైన శ్రీనివాస రామానుజన్‌గారు 1912లో గుమాస్తాగ చేరిన మద్రాసు పోర్టుట్రస్టునకు అధ్యక్షుడు ఆ స్ప్రింగుగారే. 1920లో రామానుజన్‌గారు కన్నుమూసినది చేత్‌పట్టులో ఆ శెట్టిగారి ఆదరమున లభించిన ఇంటిలోనే. ఇక హార్డీ పండితుడు లండనులో ఆయనను చూడవచ్చిన టాక్సీ నంబరు 1729 కథ అందరికిని తెలిసినదే. ఒకటి, పన్నెండు అను సంఖ్యల ఘనములను కలిపినను, తొమ్మిది, పది అను సంఖ్యల ఘనములను కలిపినను అదియే వచ్చును. బండి నంబరును ఒక్కసారి చూచి అంత చదివిన కన్ను మరియొకటి లేదు.

మొదట ఒక్కొక్క రాజధానికి ఒక్కొక్క చట్టముండెను. 1914లో దేశమంతటికి ఒకే మోటారు చట్టము వచ్చినది. 1939లో దానిని త్రోసి మరియొక చట్టము, దానిని త్రోసి 1988 నాటి చట్టము వచ్చినవి. ఈ కడపటిది 1989 జులై 1వ తేదీనుండి అమలునందున్నది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిదప మన బండ్లకు 'ఏ' అక్షరముతో మొదలగు మూడక్షరముల గుర్తులుండెను. క్రొత్త చట్టముతో 'ఏపీ' అను అక్షరములు, జిల్లా అంకె వచ్చినవి. కృష్ణా జిల్లాకు 16 వచ్చినది. ఎక్కడో హైదరాబాదులోనో, మద్రాసులోనో 'ఏపీ 16' కనబడినచో మనవారెవరో వచ్చినారని తొంగిచూచిన కాలమది. 2019లో రాష్ట్రమంతటికి 39 ఒక్కటే అంకెయైనది. పరిపాలనకు సౌకర్యమే కావచ్చును గాని, అంకెలోనుండి ఊరు తొలగిపోవుట నాకు వెలితిగానే ఉన్నది.

ఇక ముందు ప్లేటు ఎందుకు, వెనుకది చాలదా యను ప్రశ్న. చాలునను దేశములు, రాష్ట్రములు లేకపోలేదు. అమెరికాలో జార్జియా, ఫ్లారిడా, పెన్సిల్వేనియా మొదలగు పలు రాష్ట్రములలో వెనుక ప్లేటు మాత్రమే ఉండును. ఒహైయో రాష్ట్రము 2020లో ముందుదానిని తొలగించెను. టెక్సాసు, కాలిఫోర్నియా, న్యూజెర్సీలలో రెండును ఉండవలెను. అందుచేత అట్లాంటాలో నివసించు తెలుగు యువకుని కారునకు ముఖమున ఏమియు లేదు. డల్లాసులోని అతని అన్న కారునకు తప్పక ఉండవలెను. అచ్చటి కార్ల చిత్రములను చూచిన మన కుర్రవారు ముఖము నున్నగ ఉండుటయే అందమనుకొనుటలో వింత లేదు.

బ్రిటనులో మరియొక విధమైన చరిత్ర కలదు. అచ్చట మోటారుసైకిళ్ళకు ముందరి చక్రముపై, మడ్‌గార్డు పొడవున, కత్తి అంచువలె నిలిచిన పలక ఉండెడిది. ఢీకొన్నప్పుడు అది పాదచారిని కోయుచున్నదను ఆక్షేపణ బలపడెను. 1975లో మోటారుసైకిళ్ళకు ముందుపలక అక్కరలేదని సడలించిరి. కనుక ముందు ప్లేటు ఎక్కడనైనను ఎట్లయినను ఉండవలసినదేయని మూర్ఖముగ వాదించుట నా ఉద్దేశము కాదు. ఎచ్చటి దారులకు ఎట్టిది తగునో చూడవలెను.

మన దారుల సంగతి చూతము. అవనిగడ్డనుండి కోడూరు వైపునకుగాని, నాగాయలంక వైపునకుగాని పోవు దారులు ఇరుకు. ఒకవైపు కాలువ, ఒకవైపు చేను. వరికోతల కాలమున దారిలో సగము ధాన్యము ఆరబోసియుండును. ఆ మిగిలిన సగములోనే బస్సు, ట్రాక్టరు, గేదెలు, సైకిళ్ళు, నడచువారు. ధాన్యము తిరగవేయుచున్న స్త్రీ తల యెత్తి చూచినప్పుడు ఆమెకు మొదట కనబడునది వచ్చుచున్న కారు ముఖము. కారు దాటిన పిదప కనబడునది దుమ్ము. సంధ్యవేళ వెనుక ప్లేటును చదువబోయినచో బ్రేకు దీపముల ఎరుపు కన్నులను క్రమ్మును. ప్రమాదము జరిగినప్పుడు ఎదుట నిలిచినవాడు చెప్పగల సాక్ష్యము ముందు ప్లేటుననే ఉన్నది.

ఆ సాక్ష్యము విలువ ఎంతయో చట్టములోనే అంకెలలో చూడవచ్చును. 1946 జులై 1వ తేదీనుండి మన దేశమున ప్రతి మోటారు బండికి ఇతరులకు కలుగు హాని నిమిత్తము బీమా తప్పనిసరి. 1956 నాటి సవరణతో నష్టపరిహారము తేల్చుటకు ప్రత్యేక ట్రిబ్యునళ్ళు వచ్చినవి. ఢీకొన్న బండి ఏదియో తెలిసినచో, మరణించినవాని వయస్సు, సంపాదన, అతనిపై ఆధారపడినవారి సంఖ్య లెక్కించి, జిల్లా కోర్టున్న బందరులోనే కుటుంబము తన పరిహారమునకై అడుగవచ్చును. బండి ఏదియో తెలియనిచో ఆ దారి మూసుకొనిపోవును. అప్పుడు మిగులునది గుర్తు తెలియని బండ్ల ప్రమాదములకు ప్రభుత్వము నిర్ణయించిన మొత్తము మాత్రమే. 2022 మార్చి వరకు మరణమునకు ఇరువదియైదు వేల రూపాయలు; 2022 ఏప్రిల్ 1వ తేదీనుండి రెండు లక్షలు. తీవ్రమైన గాయమునకు పండ్రెండున్నర వేలనుండి ఏబదివేలకు పెంచిరి. ఇద్దరు బిడ్డలు గల ముప్పది యేండ్ల వ్యవసాయ కూలీ దారిలో మరణించెననుకొనుడు. ట్రిబ్యునలు లెక్కకును, ఈ రెండు లక్షలకును నడుమ గల దూరము ఆ కుటుంబమునకు ఒక జీవితకాలము. ఆ దూరమును నిర్ణయించునది అరమీటరు పొడవు గల రేకు. బ్రాకెట్టు ఎంపిక కేవలము సొగసు సంగతి కాదని నేననుటకు కారణమిది.

ఈ నియమమునకు ఎంత గొప్పవారును అతీతులు కారని 2018లో ఢిల్లీ హైకోర్టు ఎదుట తేలినది. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, గవర్నరుల కార్లపై నంబరునకు బదులు రాజచిహ్నము మాత్రమే ఉండుట చిరకాలపు ఆచారము. అట్టి కారు ఢీకొన్నచో బాధితుడు ఎవరిని గుర్తింపగలడని ఒక సంస్థ ప్రశ్నించెను. ఆ కార్లును నంబరు ధరింపవలెనని కోర్టు చెప్పెను. రాష్ట్రపతి కారునకు లేని మినహాయింపు మన నేలబారు కారునకు ఎట్లు వచ్చును?

నేటి నిబంధనల సారాంశము చెప్పెదను. 1988 నాటి చట్టము 39వ సెక్షను ప్రకారము, నిర్ణీతరీతిగ గుర్తు ప్రదర్శింపని బండిని దారిలో నడుపరాదు. కారు ప్లేటు కొలత 500 మిల్లీమీటర్ల పొడవు, 120 మిల్లీమీటర్ల ఎత్తు. లేక 340 పొడవు, 200 ఎత్తు. అక్షరము ఎత్తు 65 మిల్లీమీటర్లు. బందరు ఓడల నాలుగంగుళముల అక్షరముకంటె ఇది చిన్నది. అనగా ఏ మాత్రము వంగినను చదువుట కష్టమగును. భద్రతా ప్లేటు నిబంధన 2001 మార్చి 28న ప్రకటితమైనది. 2019 ఏప్రిల్ 1నుండి క్రొత్త బండ్లకు తయారీదారులే వీనిని సమకూర్చవలెను. ఒక మిల్లీమీటరు మందము గల అల్యూమినియము రేకు, అశోకచక్రపు ముద్ర, లేసరు కిరణముతో చెక్కిన సంఖ్య, నీలిరంగున 'ఐ.ఎన్.డి.' అను అక్షరములు, ఒకసారి బిగించినచో విప్పవీలుకాని తాళము దీని లక్షణములు.

ఆ మూడక్షరములే నేడు గిలకలదిండి రేవులో చేపల పడవలమీదను ఉన్నవి. 2008 నవంబరులో బొంబాయిపై దాడి చేసినవారు 'కుబేర్' అను చేపల పడవను పట్టుకొని సముద్రముమీదుగ వచ్చిరి. ఆ మరుసటి సంవత్సరమే దేశమందలి చేపల పడవలన్నిటికి ఒకే రీతి నమోదు వచ్చినది. దేశము, రాష్ట్రము, జిల్లా, పడవ రకము, దాని అంకె ఈ వరుసలో ముక్కుమీద పెద్ద అక్షరములతో వ్రాయుదురు. యంత్రపు పడవకు 'ఎం.ఎం.', మోటారు తగిలించిన పడవకు 'ఎం.ఓ.' అని గుర్తు. కర్తాజు పత్రము చూపిన అదే తీరమున, నాలుగువందల ఏండ్లకు, బెస్తవాని పడవ తన పేరును తన ముఖమునే ధరించినది. దానికి ముడుచుకొను బ్రాకెట్టు లేదు.

ఇప్పుడు కారు యజమాని ప్రశ్నకు సూటిగ వచ్చెదను. ముందు కొలత తీయుడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారు చెప్పిన స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు గల గుండ్రని ఉబ్బు. ముందు చక్రమునుండి బంపరు కొన వరకు 90 సెంటీమీటర్లున్నవనుకొందము. చక్రము ఆ ఉబ్బు మొదట నిలిచినప్పుడు బంపరు కొన క్రింద ఉబ్బు ఎత్తు ఏడున్నర సెంటీమీటర్ల లోపుననే ఉండును. బంపరు 12 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నచో నాలుగున్నర సెంటీమీటర్ల ఎడముతో దాటిపోవును. అదే ప్లేటు బంపరునకు క్రిందుగ నాలుగు సెంటీమీటర్లు వ్రేలాడినచో ఎడము అర సెంటీమీటరే మిగులును. బ్రేకు వేసినప్పుడు కారు ముక్కు ఏ కొంచెము వంగినను ప్లేటు తగులును. ఇక మన ఊళ్ళలో ఇంటి ఎదుట ఎవరికి వారు సిమెంటుతో పోసికొన్న నిటారు దిమ్మెల సంగతి చెప్పనక్కరలేదు. వానికి కొలతయు లేదు, సున్నపు గీతయు లేదు. నిజమునకు మొదట ముడువవలసినవి ఆ దిమ్మెలు.

కనుక మొట్టమొదటి ఉపాయము ముడుచుట కాదు, పైకెత్తుట. ప్లేటు క్రింది అంచు బంపరు క్రింది అంచునకు పైగా ఉండునట్లు బ్రాకెట్టును నాలుగు వ్రేళ్ళు పైకి జరిపినచో చాల కార్లకు వేరు చికిత్స అక్కరలేదు. ఎత్తునప్పుడు రేడియేటరునకు గాలిపోవు సందు మూసికొనిపోకుండ, బంపరులో నమర్చిన సెన్సరులకు అడ్డము రాకుండ చూచుకొనవలెను. మే నెలలో బందరు ఎండకు రేడియేటరు ముఖము కప్పుట మంచిది కాదు.

పైకెత్తుటకు చోటు లేనప్పుడు స్ప్రింగు రకము కొనవచ్చును. ఇందు స్ప్రింగు బలమే ప్రధానము. గంటకు నూరు కిలోమీటర్ల వేగమున పోవునప్పుడు ఆ ప్లేటుపై గాలి సుమారు మూడు కిలోల బరువంత బలముతో నెట్టును. స్ప్రింగు అంతకు లొంగునదైనచో బెజవాడ దారిలో ప్లేటు గాలికే మడిగి కూర్చుండును. అప్పుడు మీట రకమునకును దీనికిని భేదము లేదు. దుకాణములోనే త్రాసుకొక్కెము తగిలించి లాగి చూడుడు. మూడు కిలోలకు కదలరాదు, దిమ్మెకు తగిలినప్పుడు మాత్రము లొంగవలెను, విడిచిన తోడనే నిటారుగ రావలెను. పదిసార్లు వంచి చూచినను ఒకే చోటికి వచ్చుచున్నదా యని పరీక్షింపుడు. ప్లేటు వెనుక గట్టి ఆధారపు పలక ఉండవలెను, లేనిచో ఒక మిల్లీమీటరు రేకు నాలుగు దెబ్బలకు అలలు దేరును. ప్రభుత్వపు ప్లేటునకు క్రొత్త రంధ్రములు పొడుచుట, అంచులు కోయుట, వంచుట పనికిరాదు. ఉన్న రంధ్రములకు సరిపడు బ్రాకెట్టునే తీసికొనుడు.

మోటారుతో లోనికి జరుగు రకమును కొనవలదు. నిలిచియున్నప్పుడు మాత్రమే దాచెదనను సమాధానము నిలువదు. మీట చేతిలోనున్నవాడు దానిని ఎప్పుడు నొక్కెనో చెప్పు సాక్షి ఎవడును ఉండడు. తీగ తెగి, ప్లేటు లోపలనే చిక్కుకొన్న దినమున పోలీసువానికి చెప్పుకొనుటకును ఏమియు ఉండదు.

చివరకు బోల్టుల మాట. బందరునుండి హంసలదీవి వరకు ఉప్పుగాలి వీచు సీమ ఇది. మామూలు ఇనుప బోల్టు కొలది మాసములలో త్రుప్పుపట్టి, స్ప్రింగు మడతబందు బిగిసిపోవును. తుప్పుపట్టని ఉక్కు బోల్టులనే అడుగుడు. కాలువ పొంగి దారిమీద నీరు నిలిచినప్పుడు కారును దానిలో వేగముగ దింపినచో నీటి ఒత్తిడికి ఎంత గట్టి బ్రాకెట్టైనను ఊడివచ్చును. అట్టి దారి దాటిన తరువాత ఒకసారి దిగి, ముందు ప్లేటు ఉన్నదో లేదో, దానిపై బురద కప్పినదో చూచి, గుడ్డతో తుడిచి, తరువాత బయలుదేరుడు.